చూలాలి కంచము

ఆడపిల్లకు అయిదవ నెలయో ఏడవ నెలయో రాగానే పుట్టింటివారు చలిమిడి పెట్టుట తెలుగునాట అనూచానముగా వచ్చుచున్న ఆచారము. నానిన బియ్యమును దంచి, ఆ తడిపిండిని బెల్లముతో మర్దించి చేసిన ముద్దను అమ్మాయి ఒడిలో ఉంచి, కడుపు చల్లగా ఉండవలెనని ముత్తైదువలు దీవించునప్పటి ఆ యింటి కళ వేఱు. నా బాల్యమున మా మేనత్త కూతురికి జరిగిన అట్టి వేడుక ఇప్పటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. పేరంటము ముగిసిన పిమ్మట పెద్దలందఱును ఆమెను చుట్టుకొని కూర్చుండి, తినరాని వస్తువులను ఒకరి తరువాత నొకరు అప్పగించిరి. "బొప్పాయికాయను గడప తొక్కనీయకమ్మా" అని ఒకరు, "నువ్వులు వేడి, కడుపు జారుతుంది" అని ఒకరు, "అనాసపండు జోలికి పోకు" అని మఱియొకరు, "కడుపునిండా తినకే, బిడ్డ పెరిగితే కాన్పు కష్టమవుతుంది" అని ఇంకొకరు. ఆమె అన్నింటికిని తలయూపుచు, దాహమై లేచి, వాకిట గంగాళములోని నీటిని చెంబుతో ముంచుకొని గటగట త్రాగినది. ఆ నీరు ఊరి చెఱువునుండి కావిడితో వచ్చినది. వానకాలమున ఊరి మురుగంతయు ఆ చెఱువులోనికే చేరునని అక్కడివారందఱు ఎఱుగుదురు. ఆ నీటిని గూర్చి మాత్రము ఎవరును ఒక్క మాట అనలేదు.

ఎనిమిదవ నెలలో ఆమెకు పచ్చకామెర్లు వచ్చినవి. ఆమె బ్రతికినది; బిడ్డ దక్కలేదు. "ఎక్కడో చాటుగా నువ్వుండ తినియుంటుంది" అని బంధువులు చాలకాలము చెప్పుకొనిరి. కన్నతల్లి కడుపుకోతకు తోడుగా ఆ నిందను గూడ ఆమె మోసినది.

చాల సంవత్సరముల తరువాత ఢిల్లీ నగరమున జరిగిన ఒక ఉపద్రవమును గూర్చి చదువునప్పుడు ఆ చెంబు నాకు జ్ఞప్తికి వచ్చినది. 1955 డిసెంబరునుండి 1956 జనవరి వఱకు ఆ నగరమును కామెర్లు ముట్టడించినవి. వరదల వలన యమున తన ప్రవాహమార్గమును మార్చుకొనగా, నజఫ్‌గఢ్ కాలువలోని మురుగు ఎగదన్ని, వజీరాబాదు వద్ద నగరమునకు నీరు తోడు తావున కలిసినది. అధికారులు నీటిలో క్లోరిన్ మోతాదును పెంచిరి. దానిచేత టైఫాయిడ్ వంటి జ్వరములు పెరుగకుండ ఆగినవి గాని, కామెర్లను తెచ్చిన ఆ వైరసు మాత్రము లొంగలేదు. సుమారు 29,000 మంది పచ్చబడిరి. వారిలో సామాన్యులు అధికముగా కోలుకొనిరి; మృత్యువు గర్భిణులపైననే పెక్కువగా పడినది. ఆ వ్యాధి అప్పటికి పేరు తెలిసిన కామెర్లలో చేరినది కాదని, ఆనాడు నిలువచేసిన రక్తపు నమూనాలను మఱల పరీక్షించి శాస్త్రజ్ఞులు నిశ్చయించుటకు 1980 వఱకు కాలము పట్టినది. దానికే పిమ్మట హెపటైటిస్-ఇ అని పేరు వచ్చినది. ఆరోగ్యవంతుడైన పురుషుని కొన్ని వారములు మంచమున పడవేసి విడిచిపెట్టు ఈ వ్యాధి, గర్భము చివరి మూడు నెలలలో సోకినచో నూటికి 20 నుండి 25 మంది వఱకు తల్లులను బలిగొనగలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించుచున్నది.

కావున చూలాలి ఆహారమును గూర్చి నన్నెవరైన అడిగినచో, నా చూపు కంచముకంటె ముందు చెంబు మీదికి పోవును. ఆమె త్రాగు నీరు బుడగలెత్తి, ఒక నిమిషమైనను కుతకుత మరిగి, మూత క్రింద చల్లారినదై యుండవలెను. గుడ్డతో వడగట్టిన మాత్రమున వైరసు పోదు. పానీపూరీ బండి మీది పుల్లని నీరు, చెఱకురసములో వేయు మంచుగడ్డ, పెండ్లి విడిదిలో డ్రమ్ములకు పట్టి యుంచిన నీరు, కోసి యీగల పాలుచేసిన పుచ్చకాయ ముక్క, వీనిని ఆమెకు అందకుండ చూచినచో, పది పండ్లను నిషేధించినదానికంటె ఎక్కువ మేలు జరుగును. వండువారి చేతులు, వడ్డించువారి చేతులు సబ్బుతో కడుగబడవలె ననుట గూడ ఈ మాటలోనిదే.

ఇక ఆ నిషిద్ధఫలముల సంగతి. బొప్పాయియు అనాసయు మన నేల చెట్లు కావు. అమెరికా ఖండమున పుట్టి, పోర్చుగీసు వారును స్పెయిన్ వారును ఓడలమీద సముద్రములు దాటిన కాలమున మన తీరమునకు చేరినవి. చరకుడుగాని సుశ్రుతుడుగాని కనియు వినియు నెఱుగని పండ్లను శాస్త్రము నిషేధించినదనుట పొసగదు. అయినను పెద్దల భయమున ఒక సత్యపు తునుక లేకపోలేదు. పచ్చి బొప్పాయికాయను గీటినచో కారు పాలలో పపెయిన్ మొదలగు ద్రవ్యములు గలవు. సింగపూరు పరిశోధకులు 2002లో ప్రకటించిన పరీక్షలలో ఆ పాలు ఎలుకల గర్భాశయమును గట్టిగా సంకోచింపజేసినవి, చక్కగా ముగ్గిన పండు తినిన చూలి ఎలుకలకు మాత్రము ఏ హానియు కలుగలేదు. కావున పచ్చికాయను, దోరకాయను వదలవలె ననుట న్యాయమే. పండిన పండును విషముగా చూచుటకు ఆధారము లేదు. నువ్వుల కథ ఇంకను విచారకరము. పొట్టుతీయని నువ్వులలో సున్నపుధాతువు, అనగా కాల్షియం, తూకమునకు తూకము చూచినచో పాలకంటె అనేక రెట్లు అధికము. బిడ్డ ఎముకలు గట్టిపడుచున్న నెలలలో, పాలు కొనలేని ఇంట, నువ్వులపొడిని గూడ తల్లి కంచమునుండి తీసివేయుట ఎవరికి మేలు? పచ్చడిలోనో పొడిలోనో ఇంటివారందఱితోపాటు తిను నువ్వులవలన గర్భము పోవునని చూపిన నిదర్శనము లేదు.

కాని ఆ పేరంటమున వినబడిన మాటలలో నన్ను అన్నింటికంటె బాధించునది ఈ పండ్ల నిషేధము కాదు, "కడుపునిండా తినకే" అన్న ఆ చివరి మాట. ప్రసవవేదనకు జడిసిన కాలమున, శస్త్రచికిత్స అందని పల్లెలలో, పెద్ద బిడ్డయనిన పెద్ద గండమని తలచిన తల్లుల మనస్సు నేను ఎఱుగనిది కాదు. అయినను తల్లి అర్ధాకలితో ఉన్నందువలన కాన్పు సులభము కాదు. బిడ్డ తక్కువ తూకముతో పుట్టును. రక్తహీనురాలైన తల్లి, కాన్పులో సామాన్యముగా పోవు రక్తమునకే సొమ్మసిల్లును. మన దేశమున 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణులలో నూటికి 52 మందికి పైగా రక్తహీనులని తేలినది. ఆ సంఖ్య అంతకుముందటి సర్వేలో 50కి దాపుగా ఉండి, తగ్గవలసినది పోయి పెరిగినది.

కూనూరులో 1918లో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధిని విచారించుటకై ప్రారంభించిన చిన్న పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా వెలయుచున్నది. ఆ సంస్థ లెక్క ప్రకారము గర్భిణికి అదనముగా వలసినది రోజునకు 350 కిలోకేలరీలు. ఒక గ్లాసు గేదెపాలు, ఒక ఉడికిన గ్రుడ్డు, ఒక అరటిపండు కలిసినచో ఇంచుమించుగా అంతే. ఇద్దరి తిండి తినవలెనని బలవంతపెట్టువారికిని, సగము తినవలెనని అడ్డుపడువారికిని ఇదియే సమాధానము. ఇంత స్వల్పమైన అదనము గూడ ఆమెకు అందకపోవుటకు కారణము దారిద్ర్యమొక్కటే కాదు. మగవారి బంతి, పిల్లల బంతి లేచిన పిమ్మట, అత్తగారు తినిన పిమ్మట, గిన్నె అడుగున మిగిలిన పప్పునీళ్ళతో కోడలు కూర్చుండు ఇండ్లలో పాడికి కొదువ లేదు, పంటకు కొదువ లేదు. ఆమె కూర్చుండు వేళ మాత్రమే తప్పు. చూలాలు మొదటి బంతిలో కూర్చుండుటకు రూపాయి ఖర్చు లేదు.

ఈ రక్తహీనతా కథలో తెలుగువారు మఱువరాని అధ్యాయ మొకటి గలదు. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అక్కడి నూలుమిల్లులలో పాటుపడు గర్భిణులు ఎందులకు పాలిపోయి, ఊపిరి సలుపక మరణించుచున్నారో విచారించినది. వారి రక్తకణములు తగ్గుటయే గాక విపరీతముగా ఉబ్బి యుండుట ఆమె గమనించినది. వారి కంచములలో ఆకుకూరలు, పాలు, మాంసము అరుదు. చవుకైన ఈస్టు సారమును తినిపించగా వారు కోలుకొనిరి. ఆ సారములోని ప్రాణద్రవ్య మేదో ఆమెకు అంతుపట్టలేదు. 1941లో అమెరికను శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను మథించి ఆ ద్రవ్యమును పట్టుకొని, లాటిన్ భాషలో ఆకునకు గల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి. దానిని ఆకునుండి గాక ప్రయోగశాలలో నిర్మించి లోకమునకు అందించిన ఘనత న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ వద్ద లెడర్లీ పరిశోధనాలయమున యల్లాప్రగడ సుబ్బారావు నడపిన శాస్త్రజ్ఞబృందమునకు 1945లో దక్కినది. భీమవరమున 1895లో పుట్టిన ఆ మహనీయుడు సోదరులను ఇరువురిని స్ప్రూ అను అతిసార వ్యాధికి కోల్పోయి, తానును ఆ వ్యాధి వాతబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడినవాడు. ఆ వ్యాధికిని రక్తహీనతకును ఔషధము వెదకుచు ఆయన కనుగొనినది కోట్లకొలది తల్లుల కొంగున నేడు మాత్రయై యున్నది.

ఆ ఆమ్లమునకు ఇంకొక శక్తి గలదని ఆయన 1948లో కన్నుమూసిన పిమ్మటగాని తెలియలేదు. బిడ్డ మెదడుగాను వెన్నుపాముగాను మారవలసిన సన్నని నాళము గర్భము నిలిచిన 28 దినములలో మూసికొనవలెను. మూసికొననిచో బిడ్డ వెన్ను చీలికతో పుట్టుటయో, అసలు బ్రతుకకపోవుటయో సంభవించును. ఏడు దేశములలో జరిపి 1991లో ప్రకటించిన పరీక్షలో, అట్టి బిడ్డను ఒకసారి కనిన తల్లులకు గర్భమునకు ముందునుండి ఫోలిక్ ఆమ్లము నిచ్చినచో ఆ విపత్తు మఱల కలుగుట నూటికి 72 వంతులు తగ్గినది. ఆ 28 దినములు ముగియునాటికి మన అమ్మాయిలకు నెల తప్పినదను సంగతియే సరిగా తెలియదు! కావుననే మాత్రను బిడ్డ కావలెనని తలచిననాడే మొదలిడవలెను. దానితోపాటు తోటకూర, పాలకూర, పెసలు, శనగలు కంచమున కనబడవలెను.

నాలుగవ నెలనుండి మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఇచ్చు ఎఱ్ఱని మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము గలవు. 180 దినములు వదలక మ్రింగవలెను. "మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుంది" అను భయముచేతను, కడుపులో త్రిప్పుటచేతను, మలము నల్లబడుటచేతను అవి ఎన్ని పెరటిగోడల వెనుక పడియున్నవో! నల్లబడుట ఇనుముయొక్క రంగే గాని రోగము కాదు. మాత్రను పాలతోగాని టీతోగాని మ్రింగరాదు. అన్నము తినిన వెంటనే త్రాగు టీ, ఆకుకూరలోని ఇనుమును గూడ ఒంటబట్టనీయదు. నిమ్మకాయ పిండిన నీరు, ఉసిరికాయ, జామపండు దానికి తోడ్పడును. గోంగూర పప్పులో పులుపు ఉండుట కేవలము రుచికొఱకే కాదని తోచును.

పులుపనగానే వేవిళ్ళు మనస్సున మెదలును. పచ్చి మామిడికాయ, చింతకాయ, ఉప్పు కారము అద్దిన రేగుపండు, ఆమె ఏది కోరినను తెచ్చిపెట్టుట మన కుటుంబములలోని అందమైన మర్యాదలలో నొకటి. గర్భిణికి తన హృదయము, బిడ్డ హృదయము అని రెండు హృదయములు గలవనియు, అందువలన ఆమె కోరిక బిడ్డ కోరికయే యనియు సుశ్రుతుడు నాలుగవ మాసమును గూర్చి చెప్పుచు ఆమెను దౌహృదిని యనినాడు. అంచులదాక నూనె నిండిన పాత్రను తొణకక మోయునట్లు గర్భిణిని కాపాడవలెనని చరకుడు చెప్పినాడు. కోరిక తీరనిచో బిడ్డ కుబ్జుడగునన్న ప్రాచీనుల మాటను నేడు మనము నమ్మనక్కఱలేదు. కాని "ఏం తినాలనుందమ్మా?" అని ఆమెను అడుగు మనిషి ఇంట నొకరు ఉండవలె నను విధిని ఆ మాట ఎంత గట్టిగా నిలిపినది! వాంతులతో నీరసించిన ఉదయమున పడకమీదనే నాలుగు పేలాలో మరమరాలో నోట వేసికొని నెమ్మదిగా లేచుట, మూడు పూటల భోజనమును ఆఱు చిన్న పూటలుగా విడదీయుట, కొంచెము అల్లము నములుట ఉపశమనమిచ్చును. నీరైనను కడుపున నిలువక మూత్రము తగ్గినచో మాత్రము అది వేవిళ్ళని ఊరకుండరాదు, ఆసుపత్రికి పోవలెను.

కోరికలలో ఒకటి వేఱు జాతిది. కాళిదాసు రఘువంశమున దిలీపుడు చూలాలైన సుదక్షిణ ముఖమునుండి వచ్చు మట్టివాసనను ఏకాంతమున ఆఘ్రాణించి తనివి చెందడు. తొలకరి వాన తడిపిన నేలవాసన వంటిది ఆ పరిమళము. కవికి అది సౌందర్యము. నేటి వైద్యునికి అది ఒక సూచన. మట్టిపెల్లలు, బలపములు, పచ్చి బియ్యము తినవలెనను ఆరాటము తఱచుగా ఇనుము కొఱవడిన శరీరమున పుట్టును. తినిన మట్టి నులిపురుగులను, ఒక్కొక్కచోట సీసమును గూడ లోనికి తెచ్చి, ఉన్న రక్తమును సైతము హరించును. బలపము కొఱుకు అమ్మాయిని పరిహసింపవద్దు, రక్తపరీక్ష చేయింపుడు.

అమెరికాలోను ఆస్ట్రేలియాలోను కాపురము చేయుచున్న మన ఆడపిల్లలకు ఈ దినములలో రెండు జాబితాలు చేతికి వచ్చుచున్నవి. కాన్పుకు వెళ్ళిన తల్లి బొప్పాయిని, నువ్వులను వద్దనును. అక్కడి వైద్యురాలు ముడిపాల చీజును, చల్లగా తిను మాంసపు ముక్కలను, పచ్చి మొలకలను వద్దనును. రెండవ జాబితాకు మూలము లిస్టీరియా అను సూక్ష్మజీవి. కెనడాలోని నోవా స్కోషియాలో 1981లో కొందఱు గర్భిణులకు స్వల్పమైన జ్వరము వచ్చి, బిడ్డలు గర్భముననో పుట్టిన వెంటనేయో మరణింపసాగిరి. 41 మంది రోగులలో 34 మంది తల్లీబిడ్డల కోవలోనివారే. విచారింపగా, గొఱ్ఱెల పెంట ఎరువు వేసిన పొలమునుండి వచ్చి, శీతకాలమంతయు చల్లని గిడ్డంగిలో నిలువయున్న క్యాబేజీని పచ్చిగా కోరి కలిపిన సలాడు దానికి హేతువని తేలినది. ఇతర జీవులు చలికి ముడుచుకొనును, ఇది చలిలోను పెరుగును. ఫ్రిజ్‌లో పెట్టినది పాడుగాదన్న మన నమ్మకమును ఈ జీవి లెక్కచేయదు. పాలు పొంగించి కాచుట, ఆ కాచిన పాలనే తోడుపెట్టుట మన ఇండ్ల అలవాటగుట మన అదృష్టము. ముడిపాలే బలమని ఇటీవల నగరములలో పుట్టిన వ్యామోహమును చూచినచో నాకు భయము కలుగుచున్నది. మూడు దినముల నాటి కూరను ఫ్రిజ్‌నుండి తీసి గోరువెచ్చగా చేసికొని తిను ఉద్యోగిని, దానిని పొగలు చిమ్మువఱకు కాచవలెను, లేదా పాఱవేయవలెను. చూలాలికి కారణము తెలియని జ్వరము వచ్చినప్పుడు, ముందు రెండు మూడు వారములలో ఏమి తినినదో వైద్యునికి చెప్పుట మఱువరాదు.

చేపలు తినువారు నిశ్చింతగా తినవచ్చును. కవళ్ళు, కానగర్తలు, చెఱువు బొచ్చెలు, శీలావతులు మంచివి. సొర వంటి పెద్ద వేటచేపలలో పాదరసము చేరుకొనును గనుక చూలాలు దానిని వదలవలెను. జపానులోని మినమాటాలో 1956లో బయటపడిన విషాదమున, పైకి ఆరోగ్యముగా కనబడిన తల్లులకు పాదరసము సోకిన బిడ్డలు అవయవములు వంకరలై పుట్టుట లోకము చూచినది. రక్తము పట్టునని వారము వారము మేక కార్జము తినిపించుట గూడ తగదు. అందలి విటమిన్-ఎ మితిమీరినచో తొలినెలల పిండమునకు అపకారి. ఇక కల్లు చలువయనియు, ఒంటికి మంచిదనియు పల్లెలలో గర్భిణులకు పోయువారున్నారు. మద్యము ఏ మోతాదులోనైనను బిడ్డకు క్షేమమని చెప్పుటకు వీలులేదు. పైగా తెలంగాణమున చెట్టునుండి దిగిన కల్లు పేర అమ్ముడగుదానిలో ఆల్ప్రజోలం, డైజెపాం వంటి మత్తుమందులు కలిపినట్లు అధికారులు పలుమాఱులు పట్టుకొనియున్నారు. ఈ ఒక్క విషయమున నేను పెద్దల మాటను గౌరవింపలేను.

తెలంగాణమున 2015 జనవరినుండి ఆరోగ్యలక్ష్మి పేర అంగన్వాడీలలో గర్భిణులకు అన్నము, పప్పు, ఆకుకూర, 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గ్రుడ్డు పెట్టుచున్నారు. ఇంటికి సరకులిచ్చినచో అవి కుటుంబమంతటికి పంపకమై ఆమెవఱకు వచ్చునప్పటికి పిడికెడు గూడ మిగులుట లేదని గ్రహించి, అక్కడనే కూర్చుండి తినవలెనని నియమము పెట్టిరి. ఆ నియమము వెనుక ఎంత లోకజ్ఞానము గలదో నల్లగొండ వైపు ఒక ఊరి అంగన్వాడీలో ఒక మధ్యాహ్నము నాకు తెలిసినది. ఏడవ నెల నిండిన ఒక కూలి అమ్మాయి అన్నము తిని, గ్రుడ్డును మాత్రము కొంగున ముడివేసికొని లేవబోయినది. ఇంటివద్ద మూడేండ్ల కొడుకు ఉన్నాడట. టీచరు తలుపువద్ద అడ్డముగా నిలిచి, "ఆడికి ఇంకోటి ఇస్త బిడ్డా, గిది మాత్రం నా ముందర తిను" అనినది. ఆ అమ్మాయి సిగ్గుపడి, మఱల చాపమీద కూర్చుండి, పెంకు ఒలిచి, గ్రుడ్డును రెండుగా విఱిచి, ఉప్పు అద్దుకొని తినసాగినది. టీచరు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ప్రక్కన పెట్టి, ఆమె తినుట ముగించువఱకు అక్కడనే కూర్చున్నది.